ఎత్తుట ఒక విద్య

కళింగాంధ్రమున దేహబలమునకు గౌరవము ఎన్నడును తగ్గలేదు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతపు ఊళ్ళలో పండుగలకును జాతరలకును సంగిడిరాళ్ళను ఎత్తు పోటీలు నేటికిని జరుగుచున్నవి. రాతిని మోకాలికి, మోకాలినుండి రొమ్మునకు, రొమ్మునుండి భుజమునకు చేర్చిన యువకుని పేరు ఏడాది పొడవునా ఊరి నోట నానును. ఈ గడ్డమీదనే, వీరఘట్టమున, 1882 ప్రాంతమున కోడి రామమూర్తి నాయుడుగారు జన్మించిరి. వారు విజయనగరమున పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణము పొంది, మరల విజయనగరము వచ్చి ఉపాధ్యాయులై, పిదప సర్కసు నడిపి, రొమ్ముపై ఏనుగును నిలుపుకొని లోకమును ఆశ్చర్యపరచిరి. జనులు వారిని కలియుగ భీముడని పిలిచిరి. అట్టివారికిని కడపటి దినములలో కాలికి పుండు లేచి, ఆ కాలును తీసివేయవలసి వచ్చినదని వారి జీవితమును వ్రాసినవారు చెప్పుచున్నారు. 1942 లో వారు పరమపదించిరి.

ఏనుగును మోసిన దేహమునకైనను ఒకనాడు మరియొకరి చేయూత అవసరమగును. రోగముచేతనో, వార్ధక్యముచేతనో, ప్రమాదముచేతనో ప్రతి దేహమును ఏదో ఒక దినమున ఇతరుల చేతులలో ఒదగవలసినదే. సంగిడిరాతిని ఎత్తినవాని పేరు ఊరు చెప్పుకొనును. పక్షవాతముతో మంచమున పడిన మామగారిని దినమునకు పదిమార్లు లేపి, కూర్చుండబెట్టి, ఒత్తిగిలజేసి, మరల పరుండబెట్టిన కోడలి శ్రమను ఎవరును లెక్కింపరు. అది ఇంటిపనిలో ఒక భాగమని అనుకొందురు. నిజమునకు అది ఉత్త పనియు కాదు, ఉత్త బలమును కాదు. అది ఒక విద్య. ఆ విద్యకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో కొంత మన దారులమీదను, తీరములమీదను నడచినది. కొంత దూరదేశముల ఆసుపత్రులలో పెరిగినది. ఈ రెంటిని కలిపి చూచినగాని మన ఇంటి మంచము ప్రక్కన ఏమి చేయవలెనో స్పష్టము కాదు.

ముందుగా మన దారుల సంగతి. రోడ్లును రైళ్ళును రాకపూర్వము కలవారి దూరప్రయాణములు మేనాలలోను పల్లకీలలోను బోయీల భుజములమీద సాగినవి. బోయీలు నడచుచు పలుకు పలుకులు ఉత్త పాటలు కావు. దారిలో గుంట యున్నదనియు, రాయి యున్నదనియు ముందువాడు చేయు హెచ్చరిక వెనుకవారికి ఆ పలుకులలోనే అందును. ఊపిరి కుదురుటకును, భుజము మార్చుకొనుటకును ఆ లయయే ఆధారము. మన సముద్రతీరమున జాలరులు పడవను ఇసుకమీదికి లాగునపుడు "హైలెస్సా" అనుటలోని మర్మము కూడ ఇదియే. ఒక గొంతు పిలుచును. తక్కిన గొంతులు బదులు పలుకును. బదులు పలికిన క్షణముననే అందరి చేతులును ఒక్కసారిగా లాగును. ఒకడు ముందును ఒకడు వెనుకను లాగినచో పడవ కదలదు, నడుములు మాత్రము నొచ్చును. నేడు ఆసుపత్రులలో రోగిని ఒక మంచమునుండి వేరొక మంచమునకు మార్చునపుడు, ఒక్కరే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కించి మాట ఇచ్చుటయు, ఆ మాటపైననే అందరును కదలుటయు నియమముగా నేర్పుచున్నారు. ఈ పాఠము మన జాలరికి పుస్తకము లేకయే తెలియును.

రోగిని భుజములపై మోయుట మన మన్యమున గతించిన కథ కాదు. సాలూరు, పాచిపెంట, మక్కువ, కురుపాము, గుమ్మలక్ష్మీపురము మండలముల కొండలమీద అనేక గూడెములు కలవు. ఇవి మొన్నటివరకు విజయనగరము జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురము మన్యము జిల్లాలోనివి. వాహనము పోవు దారి లేని గూడెమునుండి జ్వరపీడితుని గాని, నొప్పులు వచ్చిన గర్భిణిని గాని డోలీలో దించవలసి వచ్చుచున్నది. గట్టి వెదురుబొంగు ఒకటి, దానికి వ్రేలాడగట్టిన దుప్పటి యొకటి, అదే డోలీ. ఇద్దరు మోయుచుండగా, భుజము మార్చుటకు మరి ఇద్దరు వెంట నడతురు. 2005 ఆగస్టు 15 న హైదరాబాదులో ప్రారంభమై పిదప రాష్ట్రమంతట వ్యాపించిన 108 వాహనము రోడ్డు కొసవరకు మాత్రమే రాగలదు. రోడ్డు కొసకును గూడెమునకును నడుమగల దూరమంతయు డోలీదే. ఈ కష్టమును తగ్గించుటకై కాన్పు దినములు సమీపించిన గిరిజన స్త్రీలు ముందుగానే క్రిందికి వచ్చి ఉండుటకు 2018 లో సాలూరులో ఒక వసతిగృహము నెలకొల్పిరి. 2024 డిసెంబరులో కొన్ని కొండ గ్రామముల రోడ్లకు శంకుస్థాపనయు జరిగినది.

డోలీ మోయువారి ప్రేమను, ఓర్పును శంకింపనవసరము లేదు. కాని ప్రేమయు ఓర్పును ఉన్నంతమాత్రమున రోగికి మేలు జరుగునని చెప్పజాలము. దుప్పటిలో పడుకొన్న దేహము మధ్యకు వంగిపోవును. జ్వరముతో నీరసించినవానికి ఆ వంపువలన కలుగునది అసౌకర్యము మాత్రమే. చెట్టుమీదినుండి పడి వెన్నెముక విరిగినవానికి అదే వంపు జన్మాంతము కాళ్ళు పడిపోవుటకు కారణము కావచ్చును. అట్టివానిని నిటారుగా, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండునట్లు బల్లమీదనో తలుపురెక్కమీదనో చేర్చి మోయవలెను. మోసినది అవే భుజములు, నడచినది అదే దారి; తెలిసి మోసిన ఫలితము వేరు, తెలియక మోసిన ఫలితము వేరు. ఇక్కడనే బలము ముగిసి విద్య మొదలగుచున్నది.

ఈ విద్యను శాస్త్రముగా కూర్చుకొనుటకు పాశ్చాత్యులకును చాలకాలము పట్టినది. 1854 లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకు సేవచేయ బయలుదేరిన ఫ్లోరెన్సు నైటింగేలు, తిరిగి వచ్చిన పిదప 1859 చివర పరిచర్యనుగూర్చి ఒక చిన్న పుస్తకము వెలువరించెను. ఆమె దానిని వృత్తి నర్సులకై వ్రాయలేదు. ఇంటిలో ఒకరి ఆరోగ్యభారమును వహించు సాధారణ స్త్రీలకై వ్రాసెను. మంచమున పడిన రోగికి కలుగు బాధలలో అనేకము రోగమువలన కలిగినవి కావనియు, పరిచర్యలోని లోపమువలన కలిగినవనియు, ఒరుపుపుండ్లు అట్టివాటిలో ఒకటియనియు ఆమె భావము. ఆనాటి వైద్యులు రోగముయొక్క సహజ పరిణామమని అనుకొన్నదానిని ఆమె చేతిపనిలోని దోషముగా గుర్తించెను. ఆ మరుసటి ఏడు లండనులో ఆమె పేర నర్సుల శిక్షణాలయము వెలసినది. 1894 లో అదే దేశమున లూసీ రాబిన్సన్, రోజలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అను నలుగురు మర్దనవిద్య నేర్చినవారికై ఒక సంఘమును స్థాపించిరి. అదియే కాలక్రమమున బ్రిటనులోని ఫిజియోథెరపిస్టుల ప్రధాన సంస్థగా ఎదిగినది. అంగచికిత్స అని మనము చెప్పుకొనుచున్న ఈ వృత్తి రోగిని తాకి, త్రిప్పి, లేపు నర్సుల చేతులలోనుండి పుట్టినదని మరువరాదు.

మన ప్రాంతమునకు పెద్ద ఆసుపత్రి వచ్చినది 1923 లో. ఆ ఏట విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రియు, దానితో వైద్య కళాశాలయు ప్రారంభమైనవి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల రోగులు బండ్లమీదను రైళ్ళమీదను అచ్చటికి చేరసాగిరి. ఆసుపత్రితోబాటు ఇనుప మంచమును, ఆ మంచముమీద కదలక పడియుండవలెనను నమ్మికయు వచ్చినవి. ఆ కాలమున లోకమంతట వైద్యము అట్లే యుండెను. కాన్పైన స్త్రీకి, శస్త్రచికిత్స జరిగినవానికి, గుండెపోటు వచ్చినవానికి, అందరికిని వారములతరబడి మంచమే ఔషధము.

ఆ నమ్మికను ఇద్దరు వైద్యులు కదలించిరి. వారిలో మొదటివాడు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీలో యూదులపై సాగిన హింసను తప్పించుకొని 1939 లో ఇంగ్లండుకు చేరిన నాడీశస్త్రవైద్యుడతడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ అనుచోట వెన్నెముక విరిగిన సైనికులకై తెరచిన విభాగమును అతనికి అప్పగించిరి. అంతకు పూర్వము అట్టివారిలో అత్యధికులు కొలది మాసములలోనో, ఒకటిరెండేండ్లలోనో మరణించుచుండిరి. వారిని చంపినది వెన్ను విరుపు కాదు. నడుము క్రింద, మడమలవద్ద ఏర్పడిన పుండ్లును, మూత్రమార్గమున చేరిన చీమును వారి ప్రాణములు తీసెను. గుట్‌మన్ కొత్త మందు కనిపెట్టలేదు. రోగిని పగలును రాత్రియు రెండేసి గంటలకు ఒకసారి ఒత్తిగిలజేయవలెనని శాసించెను. ఆ పని సక్రమముగా సాగుచున్నదా లేదా అని రాత్రివేళ తానే వార్డులలో తిరిగి చూచుచుండెను. మరణించుటకు వచ్చినవారు జీవించుట మొదలిడిరి. 1948 లో అతడు ఆ రోగులకే చక్రముల కుర్చీలలో విలువిద్య పోటీలు పెట్టెను. నేటి పారాలింపిక్ క్రీడలకు అదే మూలము. ఇంతటి మార్పునకు వేరు ఎక్కడ ఉన్నదని అడిగినచో, గడియారము చూచి రోగిని త్రిప్పిన నర్సు చేతిలో ఉన్నదని చెప్పవలెను.

రెండవవాడు రిచర్డ్ ఆషర్ అను బ్రిటిషు వైద్యుడు. 1947 లో అతడు మంచమువలని అపాయములనుగూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసెను. కదలక పడియున్నవానికి కాలి సిరలలో రక్తము గడ్డకట్టును, ఊపిరితిత్తుల అడుగున కఫము చేరును, కండరములు కరగును, కీళ్ళు బిగియును, ఎముకలనుండి సున్నము జారిపోవును, కడకు మనస్సు కూడ మొద్దుబారును. కావున రోగిని వీలైనంత త్వరలో లేపవలెనని అతని వాదము. గుట్‌మన్ చెప్పినది "త్రిప్పుము" అని. ఆషర్ చెప్పినది "లేపుము" అని. ఈ రెండు మాటలలో ఇరువదవ శతాబ్దపు పరిచర్యాశాస్త్రము చాలవరకు ఇమిడియున్నది.

పుండు పుట్టు విధమును కూడ తెలిసికొనవలెను. పరుండినపుడు త్రికమువద్ద, తుంటివద్ద, మడమలవద్ద ఎముకకును పరుపునకును నడుమ మాంసము నలుగును. అచ్చటి సన్నని రక్తనాళములు మూసికొనిపోవును. మనమైతే నిద్రలోనే కదలుదుము. పక్షవాతము వచ్చినవాడు కదలలేడు. స్పర్శ పోయినవానికి నొప్పియు తెలియదు. రక్తము అందని మాంసము లోలోపల చచ్చి, చర్మముపై ముందుగా ఒక ఎఱ్ఱని మచ్చగా కనబడును. పూర్వము నర్సులు ఆ మచ్చపై స్పిరిటు రాసి, పౌడరు చల్లి, గట్టిగా రుద్దుచుండిరి. అట్లు రుద్దుట నలిగిన మాంసమును ఇంకను నలుపుటయేనని తెలిసినందున నేడు దానిని మానిపించిరి.

నొప్పి తెలియకపోవుటవలన కలుగు కీడును మన జిల్లావారు మరియొక వ్యాధిలో దీర్ఘకాలము చూచిరి. కుష్ఠువ్యాధి ఎక్కువగా నుండిన ప్రాంతములలో ఉత్తరాంధ్ర ఒకటి. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు చికిత్సాలయము తరములతరబడి ఆ రోగులకు ఆశ్రయమిచ్చినది. వ్రేళ్ళు ఊడిపోవుట ఆ వ్యాధి స్వభావమని లోకము నమ్ముచుండెను. 1940 దశకపు చివర వెల్లూరులో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు ఆ నమ్మిక తప్పని చూపసాగెను. వ్యాధి చంపునది స్పర్శను. వ్రేళ్ళను పోగొట్టునవి తెలియక తగిలిన కాలుడు గాయములు, ముల్లు గ్రుచ్చుకొన్న పాదములు. వంకరపోయిన చేతిని అతడు శస్త్రచికిత్సతో సరిచేయుటకు మార్గము చూపెను. కాని కత్తి చేయు పని ఒక పూటది. అంతకుముందు వారములు, ఆ తరువాత వారములు వ్రేళ్ళకు చేయించు అభ్యాసమే ఆ చేతిని మరల చేయిగా నిలుపును. దినదినము చేతులను కాళ్ళను నీట నానబెట్టి, నూనె రాసి, కన్నులతో పరీక్షించుకొనుట, మెత్తని అడుగుగల చెప్పులు తొడుగుట ఆ రోగులకు నేర్పిన ప్రథమ పాఠములు. 1981 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను విధించిన పిదప ఆ వ్యాధి బహుళముగా తగ్గినది. కాని ఆ పాఠము తగ్గలేదు. మధుమేహముచే పాదములలో స్పర్శ తగ్గినవారికిని, నడుము క్రింద చలనము పోయినవారికిని నేడు అదే వర్తించును. నొప్పి కాపలా లేనిచోట కన్ను కాపలా ఉండవలెను.

వెల్లూరులోనే మరియొక ఘట్టము. 1954 జనవరిలో జరిగిన ఒక మోటారు ప్రమాదమున మేరీ వర్గీస్ అను యువ వైద్యురాలికి నడుము క్రింద చలనము పోయెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేసెను. పిదప న్యూయార్కు వెళ్ళి అంగవికలుల పునరావాస వైద్యమును అభ్యసించి వచ్చి, వెల్లూరులో ఆ విభాగమునకు అధిపతియై, 1966 లో పునరావాస కేంద్రమును తెరపించెను. 1972 లో ఆమెకు పద్మశ్రీ లభించినది. ఇతరులచే ఎత్తబడుట యెట్టిదో తానెరిగిన వైద్యురాలు ఆమె. రోగి మోయవలసిన బరువు కాదు, పనిలో పాలుపంచుకొనవలసిన మనిషియను భావము మన దేశమున స్థిరపడుటకు అట్టివారు కారకులైరి.

భారతదేశమున ఫిజియోథెరపీ శిక్షణకు నాంది పలికినది పోలియో. 1952 లో బొంబాయిలో పోలియో విజృంభించెను. మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయముతో అచ్చటి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆ విద్యకు పాఠశాల వెలసినది. పోలియో సోకిన బిడ్డను చంకన వేసికొని తిరుగు తల్లి మన ఊళ్ళలో ఒకప్పుడు కొత్త దృశ్యము కాదు. ఎంత ప్రేమతో మోసినను, వంగిన మోకాలు వంగినట్లే, తుంటి ముడిచినట్లే ఏండ్లు గడచినచో ఆ కీళ్ళు అట్లే బిగిసిపోవును. విశాఖపట్టణమున దశాబ్దములపాటు పోలియో బాధితులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారికి 2022 లో పద్మశ్రీ వచ్చినది. దేశమున చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చిలో దేశము పోలియోరహితమని ప్రకటింపబడినది. నేడు ఫిజియోథెరపిస్టు ఎదుట కూర్చుండునది ఎక్కువగా పోలియో బిడ్డ కాదు. పక్షవాతము వచ్చిన తండ్రి, తుంటి విరిగిన తాత, మోకాలు మార్పించుకొన్న అమ్మమ్మ.

ఇంతవరకు ఎత్తబడువాని సంగతి. ఎత్తువారి సంగతి ఏమి? చిరకాలము దానిని ఎవరును విచారింపలేదు. నర్సులకు నడుమునొప్పి వృత్తిధర్మమని అనుకొనిరి. 1960 దశకమున స్వీడనులో ఆల్ఫ్ నాకెమ్సన్ అను వైద్యుడు నడుము వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్ళలలోని ఒత్తిడిని సూదితో కొలిచెను. ముందుకు వంగి బరువెత్తినపుడు ఆ ఒత్తిడి మిక్కిలి పెరుగుననియు, బరువు దేహమునకు దూరమైనకొలది కీడు హెచ్చుననియు ఇట్టి కొలతలు తేటపరచినవి.

ఈ సూత్రమును మన ఆమదాలవలస ఆడబిడ్డ లోకమునకు చూపినది. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరిగారు 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము గెలిచిరి. ఆ దృశ్యమును చూచినవారు గమనింపవచ్చును: కడ్డీ దేహమును ఆనుకొనియే పైకి వచ్చును, వీపు నిటారుగా నుండును, బలమంతయు తొడలనుండి వచ్చును. కాని ఒక భేదము కలదు. కడ్డీకి రెండు ప్రక్కల బరువు సమానము. అది జారదు, భయపడదు, పట్టుకొని వ్రేలాడదు. మనిషి అట్లు కాడు. అందుచేతనే అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధనాసంస్థ సామాన్యమైన బరువులకు, అనుకూల పరిస్థితులలో, 23 కిలోల హద్దు నిర్ణయింపగా, రోగిని ఎత్తు విషయమున ఆ సంస్థ శాస్త్రజ్ఞుడు థామస్ వాటర్స్ 2007 లో దానిని 16 కిలోలకు తగ్గించెను. 60 కిలోల మనిషిని ఒక్కరే ఎత్తుట ఈ హద్దునకు దాదాపు నాలుగింతలు. బ్రిటనులో 1992 నాటి నిబంధనలు అపాయకరమైన ఎత్తుడును సాధ్యమైనంతవరకు మానుమనియే చెప్పినవి. సరిగా వంగుట నేర్చిన చాలునని మొదట అనుకొన్నవారు, అది మాత్రమే చాలదని తెలిసికొని, జార్చు దుప్పట్లు, నడుము పట్టీలు, ఎత్తు యంత్రములు వాడసాగిరి. బలమునుండి ఒడుపునకు, ఒడుపునుండి ఎత్తకయే కదలించు ఉపాయమునకు ఈ విద్య వచ్చినది.

మన ఇండ్లలో యంత్రములు ఉండకపోవచ్చును. పనికై కొడుకులు దూరనగరములకు పోయిన శ్రీకాకుళపు పల్లెలలో ముసలి భర్తను చూచుకొనునది తరచు ముసలి భార్య ఒక్కతెయే. ఆమెకు ఈ చరిత్ర ఇచ్చునదేమి?

మొదటిది: ముట్టుకొనుటకు ముందు మాట చెప్పవలెను. "ఇటు త్రిప్పుచున్నాను, ఈ చేయి సాయము పట్టుము" అని చెప్పినచో రోగి తనకు గల కొంచెము బలమును కలుపును. ఒత్తిగిలజేయునపుడు అవతలి మోకాలు ముడిచి, అవతలి చేతిని రొమ్ముపైకి తెచ్చి, భుజమును తుంటిని పట్టి తనవైపునకు దొర్లించిన చాలును, ఎత్తనక్కరలేదు. మంచములో పైకి జరుపవలెనన్నచో నాలుగు మడతల దుప్పటిని నడుముక్రింద పరచి, చెరియొక ప్రక్క ఇద్దరు పట్టి, లెక్కపెట్టి జార్చవలెను. జారిన నులకమంచము రోగిని గుంటలోనికి దించును. నవారు బిగించుటయో, బల్లమంచము వేయుటయో మేలు.

రెండవది: లేపుటకు తొందర కూడదు. ముందు ప్రక్కకు త్రిప్పి, కాళ్ళను మంచము క్రిందికి దించి, మోచేతి ఆనికతో కూర్చుండబెట్టవలెను. కొన్ని నిమిషములు అట్లే కూర్చుండనీయవలెను. ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధితో డయాలిసిస్ చేయించుకొనువారు అనేకులు కలరు. వారికై పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. డయాలిసిస్ అయినవెంటనే నిలిచినచో రక్తపుపోటు తగ్గి కన్నులు చీకట్లు క్రమ్మును. అట్టివారికి ఈ కొన్ని నిమిషములే పడిపోకుండ కాచు కట్ట.

మూడవది: పక్షవాతపు చేతిని పట్టిగాని, చంకలో చేయివేసిగాని లాగరాదు. పట్టు కోల్పోయిన భుజపుకీలు ఆ లాగుటకే జారును. తువ్వాలునో పంచెనో నడుమునకు గట్టిగా చుట్టి, దానిని పట్టుకొనవలెను. రోగి పాదములను వెనుకకు జరిపి, తల ముందుకు వంచుమని చెప్పి, తన మోకాలిని అతని బలహీనపు మోకాలికి అడ్డుగా నిలిపి, మాట ఇచ్చి లేపవలెను. మెడచుట్టు చేతులు వేయనీయరాదు. కుర్చీ బలముగల ప్రక్కనే, దగ్గరగా ఉండవలెను. పడిపోయి తుంటియో వెన్నెముకయో విరిగినదను అనుమానమున్నచో ఎవరును ఎత్తరాదు. 108 వారు బల్లతో వచ్చువరకు కదపకుండుటయే సేవ.

నాలుగవది: గడియారము. రెండు గంటలు అనుట రోగినిబట్టి, పరుపునుబట్టి వైద్యులు మార్చవచ్చును. కాని వేళ యొకటి ఉండవలెను. త్రిప్పిన ప్రతిమారును త్రికమును, తుంటిని, మడమలను చూడవలెను. వ్రేలితో నొక్కినను తెల్లబారని ఎఱుపు కనబడినచో ఆ ప్రక్క మరల ఆనింపక వైద్యునికి చూపవలెను.

2021 లో పార్లమెంటు చేసిన చట్టముతో ఫిజియోథెరపీ మొదలైన అనుబంధ ఆరోగ్యవృత్తులకు జాతీయ సంఘము, నమోదు, శిక్షణా ప్రమాణములు నిర్ణయింపబడినవి. శ్రీకాకుళమున 2008 నుండియు, విజయనగరమున 2023 నుండియు ప్రభుత్వ వైద్య కళాశాలలు నడచుచున్నవి. ఇది సంతోషింపదగినదే. అయినను రోగి ఆసుపత్రిలో ఉండునది పది దినములు, ఇంటిలో ఉండునది పది మాసములు. ఇంటికి పంపు దినమున మందుల చీటీ ఇచ్చినట్లే, త్రిప్పు విధమును లేపు విధమును ఇంటివారిచేత ఒకసారి చేయించి చూచి పంపుట ఆచారము కావలెను. అడుగుటకు ఇంటివారును సందేహింపరాదు. నేర్చుకొనవలసినది కోడలు ఒక్కతెయే కాదు. కొడుకు, మనుమడు, పొరుగువాడు కూడ. హైలెస్సాకు ఒక గొంతు చాలదు. రోగి మంచము ప్రక్కన కూడ రెండవ జత చేతులు ఉండవలెను. ఆ చేతులకు పని తెలిసియుండవలెను.